టమ్మీ టక్: తీసేది చర్మాన్ని, బరువును కాదు

కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో పొట్ట తగ్గించే ఆపరేషన్ గురించి, అంటే సాగిన పొట్ట చర్మాన్ని కోసి బిగించే టమ్మీ టక్ గురించి, అడిగేవి ఎక్కువయ్యాయి. హైదరాబాదు పాఠకులు రాసిన వాటిలో ఏడింటికి ఈసారి జవాబులిస్తున్నాను. రాసినవారి పేర్లు తీసేశాను. ప్లాస్టిక్ సర్జన్‌గా నేనిక్కడ చెప్పేది అందరికీ వర్తించే సమాచారం మాత్రమే. మీ పొట్టను చేత్తో పరీక్షించి చూసిన వైద్యుల సలహా తరువాతే ఏ నిర్ణయమైనా తీసుకోండి.

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 36. ఇద్దరు పిల్లలూ సిజేరియన్‌తోనే పుట్టారు. చిన్నవాడికి నాలుగేళ్లు. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 61 కిలోలు. రోజూ గంటసేపు నడుస్తున్నాను, రాత్రి అన్నం మానేశాను. అయినా బొడ్డు కింద చర్మం మడతపడి వేలాడుతోంది. భోజనం చేశాక అయిదో నెల గర్భిణిలా కనిపిస్తున్నాను. బాలింతగా ఉన్నప్పుడు నడికట్టు కట్టుకోనందువల్లే ఇలా అయిందని మా అత్తగారు అంటారు. నేను టమ్మీ టక్ చేయించుకోవచ్చా? (గృహిణి, కూకట్‌పల్లి)

జవాబు: ముందుగా నడికట్టు సంగతి చెబుతాను, ఎందుకంటే ఆ మాట మీ మనసులో ముల్లులా ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. కాన్పు తరువాత నడుముకు గుడ్డ కట్టుకుంటే వెన్నుకు ఊతం దొరుకుతుంది, లేచి కూర్చోవడం సులువవుతుంది. అంతేగాని సాగిన చర్మాన్ని వెనక్కి లాగే శక్తి, విడిపోయిన కండరాలను కలిపే శక్తి ఆ గుడ్డకు లేదు. కట్టుకున్నా మీ పొట్ట దాదాపు ఇలాగే ఉండేది. ఈ విషయంలో మీ తప్పేమీ లేదు.

ఇక అసలు విషయం. పొట్ట ముందుకు రావడానికి కారణం ఒకటే కాదు. పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద బొడ్డుకు ఇరువైపులా నిలువుగా సాగే రెండు కండరాలు, వాటికి వెనుక పేగుల చుట్టూ పేరుకునే లోపలి కొవ్వు ఉంటాయి. వీటిలో ఏది మీ సమస్యో తేలకుండా ఆపరేషన్ మాట ఎత్తకూడదు. ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డుకు కొంచెం పైన రెండు వేళ్లు అడ్డంగా ఆనించి, తలను మాత్రం పైకెత్తండి. వేళ్లు రెండు గట్టి అంచుల మధ్య లోపలికి దిగినా, నడిమధ్యన పొట్ట గట్టులా ఉబ్బినా కండరాలు విడిపోయాయని అనుమానించాలి. ఆ ఎడం 2 సెంటీమీటర్లు దాటితే దాన్ని డయాస్టేసిస్ రెక్టై అంటారు. భోజనం తరువాత పొట్ట బాగా ముందుకు వస్తుందని మీరు రాసినదాన్ని బట్టి మీకు ఇదే ఉండవచ్చు. బొడ్డు దగ్గర హెర్నియా (కండరాల సందులోంచి లోపలి భాగం బయటికి పొడుచుకురావడం) ఉన్నా ఉబ్బు కనిపిస్తుంది కాబట్టి వైద్యులు చూసి నిర్ధారించాలి, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయించాలి.

కండరాలు విడిపోయాయని తేలితే మొదటి చికిత్స ఫిజియోథెరపీ. పొట్ట లోపలి పొర కండరాలను బిగించే వ్యాయామాలను నాలుగైదు నెలలు శ్రద్ధగా చేసినవారిలో చాలామందికి నడుమునొప్పి తగ్గుతుంది, ఎడం కూడా కొంత తగ్గుతుంది. జిమ్ముల్లో అందరిచేతా చేయించే క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే వ్యాయామం) మాత్రం ఈ దశలో ఆ ఎడాన్ని మరింత పెంచవచ్చు, వాటిని ఆపండి. అయితే సాగే గుణం పోగొట్టుకున్న చర్మాన్ని ఏ వ్యాయామమూ, ఏ నూనే, ఏ క్రీమూ వెనక్కి తీసుకురాలేవు. మీరు వర్ణించిన మడతకు దారి ఆపరేషనే. బరువు నిలకడగా ఉండి, ఇక పిల్లలు వద్దనుకున్నవారికే ఇది బాగా సరిపోతుంది.

ఆపరేషన్‌లో ఏం చేస్తారంటే, పొత్తికడుపు కింద ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత పెట్టి, చర్మాన్నీ దాని కింది కొవ్వునూ పక్కటెముకల దాకా పైకి లేపుతారు. విడిపోయిన కండరాలను నిలువునా గట్టి దారంతో కుట్టి దగ్గరికి లాగుతారు. పైచర్మాన్ని కిందికి దించి, మిగిలినదాన్ని కోసేస్తారు. బొడ్డు ఉన్నచోటే ఉంటుంది, దానికోసం కొత్త చర్మంలో కొత్త రంధ్రం చేస్తారు. సాధారణంగా పూర్తి మత్తు ఇచ్చి చేసే ఈ ఆపరేషన్‌కు రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. బొడ్డు కింది చారలు కోసిన చర్మంతో పాటే పోతాయి, పైవి కిందికి జరుగుతాయే తప్ప మాయం కావు. పాత సిజేరియన్ మచ్చ కూడా చాలావరకు పోతుంది, కానీ దాని స్థానంలో అంతకంటే పొడవైన మచ్చ వస్తుంది.

ఆ మచ్చ గురించి మాటల్లో ఎంత చెప్పినా సరిగా అర్థం కాదు. అందుకే నా దగ్గరికి వచ్చినవారిని అద్దం ముందు నిలబెట్టి, కోత వచ్చేచోట ఈ చివరి నుంచి ఆ చివరికి పెన్నుతో గీత గీస్తాను. అంతవరకు ఉత్సాహంగా మాట్లాడినవారు ఆ గీత చూసి కాసేపు మౌనంగా ఉండిపోతారు. మీరు కూడా ఇంట్లో కాటుక పెన్సిలుతో అలా గీసుకుని చూడండి. లంగా బొందు కట్టుకుని చూస్తే గీత బొందుకు కిందే ఉంటుంది కాబట్టి చీరలో కనిపించదు. అయినా మచ్చ మచ్చే. మన చర్మపు రంగులో అది మొదటి నెలల్లో ఎర్రగా, నల్లగా, ఉబ్బెత్తుగా ఉండి, ఏడాది నుంచి ఏడాదిన్నర లోపల నెమ్మదిగా చదునవుతుంది. చెవులు కుట్టించుకున్నచోటో, పాత గాయం మీదో మీకు కెలాయిడ్ (గాయం హద్దు దాటి గట్టిగా పెరిగే మచ్చ) వచ్చి ఉంటే తప్పక ముందే చెప్పండి. కోతకు పైన, బొడ్డు కింద ఉన్న చర్మానికి కొన్ని నెలలపాటు స్పర్శ సరిగా తెలియదు, కొందరికి కొంతచోట అది శాశ్వతంగా ఉండిపోతుంది. అక్కడ వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని తెలియకుండానే చర్మం కాల్చుకున్నవారిని చూశాను.

గీత చూశాక కూడా మీ మనసు మారకపోతే, ఫిజియోథెరపీ ముగిసిన తరువాత సర్జన్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 98 కిలోలు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. రోజంతా కుర్చీలో పని. మూడు నెలల్లో తమ్ముడి పెళ్లి. అప్పటికి పొట్ట తీయించుకోవాలని ఉంది. (ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్)

జవాబు: ఇప్పుడు వద్దు. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే లెక్క) 34 దాటింది. మన దేశస్థులకు 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తారు. నిలబడి పొట్టను పిడికిలితో పట్టుకుని చూడండి. చేతికి కొంచెమే దొరికి, మిగతాదంతా బిగించిన డోలులా గట్టిగా ఉంటే, అది పేగుల చుట్టూ ఉన్న లోపలి కొవ్వు. దాన్ని టమ్మీ టక్ తీయదు, చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చే లైపోసక్షన్ కూడా తీయదు. పైగా లోపల నిండుగా ఉన్న పొట్ట మీద కండరాలను బిగించి కుడితే ఊపిరి ఆడటం కష్టమవుతుంది, కుట్ల మీద ఒత్తిడి పడుతుంది.

అదృష్టవశాత్తు, తిండి తగ్గించి నడక పెంచినప్పుడు లోపలి కొవ్వు బాగానే కరుగుతుంది. మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటకూడదని మన దేశపు ప్రమాణం. టేపుతో కొలుచుకుని ఆ అంకె రాసి పెట్టుకోండి. షుగర్ అదుపులో లేకుండా కోత పెడితే గాయం మానదు, చీము పడుతుంది, అందుకే మేము హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూడకుండా తేదీ ఇవ్వము. సిగరెట్, గుట్కా, జర్దా అలవాట్ల గురించి మీరు రాయలేదు. ఉంటే ఈ రోజే మానండి. నికోటిన్ సన్నని రక్తనాళాలను కుదిస్తుంది. టమ్మీ టక్‌లో లేపిన చర్మం ఆ సన్నని నాళాల మీదే ఆధారపడి బతుకుతుంది కాబట్టి, నికోటిన్ వాడేవారిలో బొడ్డు కింది చర్మం నల్లబడి చచ్చిపోయే ప్రమాదం ఎక్కువ. కనీసం నాలుగు వారాల ముందు, నాలుగు వారాల తరువాత పూర్తిగా మానాలి. ప్రస్తుతం మీరు కలవవలసింది షుగర్ వైద్యులను. పెళ్లికి కొంచెం వదులుగా కుట్టించిన షేర్వాణీ చాలు.

ప్రశ్న: ఏడాదిన్నర క్రితం బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్ చేయించుకుని 45 కిలోలు తగ్గాను. ఇప్పుడు పొట్ట చర్మం ఏప్రాన్‌లా వేలాడుతోంది. ఎండాకాలం మడత కింద చెమటపట్టి ఒరుసుకుపోయి, ఎర్రబడి, దుర్వాసన వస్తోంది. బీమా వాళ్లు కాస్మెటిక్ అని తోసిపుచ్చుతున్నారు. (ఉపాధ్యాయిని, మేడ్చల్)

జవాబు: మీది అందం కోసం అడుగుతున్న ఆపరేషన్ కాదని మీ ఉత్తరమే చెబుతోంది. బేరియాట్రిక్ తరువాత 12 నుంచి 18 నెలలు గడిచి, బరువు ఆరు నెలలుగా నిలకడగా ఉంటే ఆపరేషన్‌కు తగిన సమయం వచ్చినట్టే. వేలాడే మడతను మాత్రమే తీసేయడాన్ని పానిక్యులెక్టమీ అంటారు, కండరాలను కూడా బిగిస్తే అది టమ్మీ టక్. ముందుగా హిమోగ్లోబిన్, ఇనుము, బీ12, ప్రొటీన్ పరీక్షలు చేయించుకోండి. బేరియాట్రిక్ తరువాత ఇవి తగ్గి ఉండటం మామూలు, తగ్గి ఉంటే గాయం ఆలస్యంగా మానుతుంది.

బీమా విషయంలో, ఆ రంగాన్ని నియంత్రించే సంస్థ అయిన ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన నిబంధన కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలను మినహాయిస్తుంది. అయితే ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణానికి, ఆరోగ్యానికి తక్షణ ముప్పును తొలగించడానికి అవసరమని చికిత్స చేస్తున్న వైద్యులు ధ్రువీకరించినవాటికి ఆ మినహాయింపు వర్తించదు. అంటే మీ చేతిలో కాగితం ఉండాలి. మడత కింద పుండ్లు పడిన ప్రతిసారీ చర్మవ్యాధుల నిపుణులకు చూపించి, ప్రిస్క్రిప్షన్లు, తేదీలతో ఫొటోలు దాచండి. హెర్నియా కూడా ఉంటే దాని చికిత్సను బిల్లులో వేరుగా చూపించమని అడగండి. ఆమోదం వస్తుందని హామీ ఇవ్వలేను, కానీ నోటిమాటగా తోసిపుచ్చితే ఊరుకోకుండా రాతపూర్వకంగా కారణం అడగండి. అది చేతికొచ్చాక సంస్థ ఫిర్యాదుల విభాగానికి, అక్కడా న్యాయం జరగకపోతే ఇలాంటి ఫిర్యాదులను విచారించే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అంబుడ్స్‌మన్ కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది.

ప్రశ్న: ఫోనులో ఒక ప్రకటన చూసి ఫోన్ చేశాను. "ఉదయం రండి, సాయంత్రం ఇంటికి వెళ్లిపోండి, ఈ నెలాఖరు వరకే ఈ ధర" అన్నారు. లైపోతో కలిపి చేస్తామన్నారు. డాక్టరు పేరు అడిగితే వచ్చాక చెబుతామన్నారు. నమ్మవచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: డాక్టరు పేరు చెప్పనిచోట అడుగు పెట్టకండి. ధరకు గడువు పెట్టడం బట్టల కొట్టుకు తగిన పద్ధతి, మనిషి కడుపు కోసే చోటికి కాదు.

ఈ ఆపరేషన్ చేయడానికి తగిన శిక్షణ ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్, లేదా దానికి సమానమైన డీఎన్‌బీ. సాధారణంగా ఎంబీబీఎస్ తరువాత మూడేళ్లు జనరల్ సర్జరీ, ఆపైన మూడేళ్లు ప్లాస్టిక్ సర్జరీ చదివితే వచ్చే అర్హత ఇది. కొన్ని వారాల కాస్మెటాలజీ సర్టిఫికెట్ దీనికి సాటి కాదు. బోర్డు మీద "కాస్మెటిక్ సర్జన్" అని ఉండటం అర్హతకు రుజువు కాదు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో ఆ పేరు, ఆ పీజీ అర్హత నమోదై ఉన్నాయో లేదో సరిచూసుకోండి. నంబరు అడిగితే నొచ్చుకునే సర్జన్‌ను నేనింతవరకు చూడలేదు. నొచ్చుకుంటే మీకు జవాబు దొరికినట్టే. ఎవరి లాభంతోనూ సంబంధం లేని అభిప్రాయం కావాలంటే ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయి. ఓపీ చీటీ తీసుకుని కాసేపు వరుసలో కూర్చోవడానికి సిద్ధపడి వెళ్లండి.

ఆపరేషన్ ఎక్కడ చేయించుకోవాలనుకున్నా అక్కడ అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. మత్తు డాక్టరు ఆపరేషన్ ముగిసేవరకు గదిలోనే ఉంటారా? ఐసీయూ అదే ఆసుపత్రిలో ఉందా? ఆ రాత్రి రక్తస్రావమైతే మిమ్మల్ని చూసేదెవరు? నిజంగా కత్తి పట్టేది మీతో మాట్లాడిన డాక్టరేనా? గాయం విడిపోతే రెండోసారి సరిచేయడానికి డబ్బు ఎవరు కట్టాలి? అందం కోసం చేసే ఆపరేషన్లకు జీఎస్టీ మినహాయింపు ఉండదు కాబట్టి, చెప్పిన ధరలో పన్ను కలిసిందో లేదో కూడా రాయించుకోండి.

లైపోసక్షన్ కొవ్వును మాత్రమే పీలుస్తుంది, చర్మాన్ని బిగించదు. నడుము పక్కల ఆకృతి కోసం రెండూ కలిపి చేయడం ఉన్నదే. కానీ ఒకే మత్తులో ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పోతే సమయం పెరుగుతుంది, దాంతోపాటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పూ పెరుగుతుంది. అందం కోసం చేసే ఆపరేషన్లలో ఈ ముప్పు ఎక్కువగా ఉన్నవాటిలో టమ్మీ టక్ ఒకటి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా, మీకుగాని ఇంట్లో ఎవరికైనాగాని ఇంతకుముందు రక్తం గడ్డకట్టి ఉన్నా దాచకుండా చెప్పండి. ఆస్పిరిన్, చేపనూనె, వెల్లుల్లి గుళికలు, ఊరూపేరూ తెలియని మూలికల పొడులు కూడా చెప్పవలసిన జాబితాలోవే. గుండె కోసం వాడుతున్న మాత్రలను మీ అంతట మీరు ఆపకండి, అవి రాసిన వైద్యులను అడగండి.

ప్రశ్న: వచ్చే నెల మా ఆవిడకు టమ్మీ టక్. ఇంట్లో ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు. మా అమ్మ వచ్చి పది రోజులు ఉంటుంది. ఏమేం సిద్ధం చేసుకోవాలి? (మియాపూర్)

జవాబు: భర్త రాసిన ఉత్తరం ఇదొక్కటే. మీరు అడిగినందుకు ఎంతో సంతోషంగా ఉంది.

పది రోజులు చాలవు. మొదటి వారం, పది రోజులు ఆమె నిటారుగా నిలబడలేదు, నడుము వంచుకునే నడుస్తుంది. అది కుట్ల మీద లాగుడు పడకుండా చూసుకోవడానికే, భయపడకండి. మంచం మీద వీపు వెనుక రెండు మూడు దిండ్లు, మోకాళ్ల కింద ఒకటి పెట్టి పడుకోబెట్టాలి. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, చేతి ఊతంతో లేవాలి. ఇంట్లో నేల మరుగుదొడ్డి ఒక్కటే ఉంటే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టండి. ఆపరేషనైన రోజు సాయంత్రమో మర్నాడో నడిపిస్తారు. ఇంటికి వచ్చాక కూడా మేలుకుని ఉన్నంతసేపు గంటకోసారి గది చివరిదాకా నడిపించండి. రక్తం గడ్డకట్టకుండా ఇది ఎంతో సాయపడుతుంది.

పొట్టకు ఇరువైపులా సన్నని డ్రెయిన్ గొట్టాలు, వాటి చివర నొక్కితే లోపలికి పోయే చిన్న బుడ్డీలు ఉండవచ్చు. ఆ పని మీరే నేర్చుకోండి. ఉదయం, రాత్రి చేతులు కడుక్కుని, బుడ్డీలోని ద్రవాన్ని మందుల కప్పుతో కొలిచి, పిల్లల నోటుపుస్తకంలో తేదీతో రాయండి. మొదట ఎర్రగా వచ్చేది రోజులు గడిచేకొద్దీ పలచబడి గడ్డిరంగుకు మారుతుంది. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల కంటే తగ్గాక సాధారణంగా తీసేస్తారు. గొట్టాలు తీశాక కూడా చర్మం కింద నీరు చేరవచ్చు. ఈ ఆపరేషన్ తరువాత అన్నిటికంటే తరచుగా వచ్చే ఇబ్బంది అదే. నొక్కితే నీటి సంచిలా కదిలినట్టు అనిపిస్తే చూపించాలి, సూదితో తీసేస్తారు. బిగుతు బెల్టు దాదాపు ఆరు వారాలు రాత్రీపగలూ ఉంటుంది కాబట్టి రెండు కొనండి, ఒకటి ఉతికితే ఒకటి ఉంటుంది. బెల్టు కింద ముడతలు లేని పలుచని నూలు బనియన్ వేయండి, మన ఎండలకు అది లేకపోతే చెమటపొక్కులు వస్తాయి.

మీ అమ్మగారితో తిండి గురించి ముందే మాట్లాడండి. పప్పు తింటే చీము పడుతుందని, నీళ్లు తాగితే పుండు పచ్చిబడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఆ ప్రేమలో లోటు లేదు, కానీ మాటలో నిజం లేదు. గాయం మానేది ప్రొటీన్ వల్లే. పప్పు, గుడ్డు, పెరుగు, తింటే చికెనూ చేపా పెట్టండి. కారం, చారు పథ్యంతో సరిపెట్టకండి. నీళ్లు బాగా తాగించండి. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది కాబట్టి బొప్పాయి, ఆకుకూరలు, అవసరమైతే డాక్టరు రాసిన సిరప్ ఇవ్వండి.

ఆరు వారాలపాటు ఆమె బరువు ఎత్తకూడదు. నిండు బకెట్టు, తడిబట్టల మూట, గ్రైండర్ రాయి, గ్యాస్ బండ, అన్నిటికంటే ముఖ్యంగా మీ మూడేళ్ల బాబు. వాడు ఎత్తుకోమని ఏడుస్తాడు, ఆమె ఆగలేదు. ఆపరేషన్‌కు వారం ముందునుంచే వాణ్ని మంచం ఎక్కించి అమ్మ పక్కన కూర్చోబెట్టడం అలవాటు చేయండి. రెండోవారంలో వాపు చూసుకుని "ఇంత బాధపడి ఏం లాభం" అని ఆమె కన్నీళ్లు పెట్టుకోవచ్చు. వాపు చాలావరకు తగ్గడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా అద్దం ముందు ఎవరూ వ్యాఖ్యలు చేయకుండా మీరు చూసుకోండి.

ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పోటు వచ్చినా రేపటిదాకా ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. జ్వరం, పొట్ట ఒకవైపు హఠాత్తుగా ఉబ్బడం, కుట్ల దగ్గర చర్మం నల్లబడటం, బుడ్డీ ఒక్కసారిగా ఎర్రని రక్తంతో నిండటం కనిపిస్తే అర్ధరాత్రయినా సర్జన్‌కు ఫోన్ చేయండి.

ప్రశ్న: నాకు 29. ఒక బాబు. రెండేళ్ల తరువాత ఇంకొకరిని కనాలని ఉంది. ఈలోగా టమ్మీ టక్ చేయించుకుంటే గర్భానికి ప్రమాదమా? (సైనిక్‌పురి)

జవాబు: గర్భసంచిని ఈ ఆపరేషన్ తాకదు. చేయించుకున్నాక పిల్లల్ని క్షేమంగా కన్నవారు ఉన్నారు. కానీ చర్మం మళ్లీ సాగుతుంది, కుట్టిన కండరాలు మళ్లీ విడిపోవచ్చు. అంత ఖర్చూ అంత నొప్పీ పడ్డాక అలా కావడం ఎందుకు? రెండో కాన్పయి, పాలు మాన్పించి, ఆరు నెలలు గడిచాక రండి.

ప్రశ్న: టమ్మీ టక్ అయి పది వారాలు. గాయం పూర్తిగా మానింది, డాక్టరు పనులన్నీ చేసుకోవచ్చన్నారు. ఆషాఢంలో లష్కర్ బోనాలకు ఏటా నేనే బోనం ఎత్తుతాను. ఈసారి ఎత్తవచ్చా? సాయంత్రం అయ్యేసరికి పొట్ట ఇంకా ఉబ్బుతోంది. (సికింద్రాబాద్)

జవాబు: పది వారాలకు సాయంత్రపు వాపు ఉండటం మామూలే, రోజంతా నిలబడితే మరీ ఎక్కువ. మీ డాక్టరు అన్ని పనులకూ అనుమతించారు కాబట్టి బోనం ఎత్తవచ్చు. తలమీద నిలిచిన బరువు వెన్ను మీదుగా కాళ్లకు దిగుతుంది, పొట్ట కండరాల మీద పెద్దగా భారం పడదు. ప్రమాదం ఉన్నది నేలమీద నుంచి వంగి ఎత్తడంలో, మళ్లీ వంగి దించడంలో. ఆ రెండూ మీ ఆడబిడ్డకో తోడికోడలికో అప్పగించి, మీరు నిటారుగా నిలబడితే వాళ్లు మీ తలమీద పెట్టేలా చూసుకోండి. కుండ చిన్నది తీసుకోండి. చీర కింద బెల్టు కట్టుకోండి. మహంకాళి అమ్మవారి గుడి దగ్గర వరుస గంటలకొద్దీ సాగుతుంది కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరి, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. కుట్ల దగ్గర లాగినట్టు అనిపిస్తే, గుడిదాకా రాకపోయినా సరే, అక్కడే ఆగి బోనం ఆడబిడ్డ తలమీదికి మార్పించండి.